ఫ్లెక్సీలో లేని చేప

మా నాన్న చేతిలో పరిశుద్ధ గ్రంథాన్ని నేను మొట్టమొదటిసారి చూసింది ఆయన్ని సమాధి చేసిన పదో రోజున, చర్చి హాల్లో వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీలో. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు. పైన మబ్బులు, మబ్బుల్లోంచి వెలుగు, ఒక మూల తెల్ల పావురం, ఇంకో మూల ఏ దేశంలో పూస్తాయో తెలియని గులాబీలు. మధ్యలో మా నాన్న. ముప్ఫై ఏళ్ళకు పైగా స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల సెగకి మాడి, మిగిలిందేమైనా ఉంటే సెలవు రోజుల్లో సముద్రపు ఎండకి మాడిన ముఖం అది. గోపాలపట్నంలోని ఫ్లెక్సీ షాపతను దాన్ని పెళ్ళికొడుకు ముఖంలా గులాబీ రంగులోకి మార్చేశాడు. ఆ మనిషి వీధిలో ఎదురైతే నేను పలకరించేదాన్ని కాదు.

రంగు సంగతి వదిలేద్దాం. పోయినవాళ్ళందరినీ తెల్లగా చేయడం ఆ షాపువాళ్ళకి అలవాటు. చేతుల సంగతి చెప్పాలి. అసలు ఫోటోలో నాన్న చేతిలో ఉన్నది చేప. పండుగప్ప. కుడిచేతి రెండు వేళ్ళు దాని మొప్పల్లోకి దూర్చి పైకెత్తి, ఎడమ అరచెయ్యి పొట్ట కింద ఆన్చి పట్టుకున్నాడు. షాపతను చేపని చెరిపేసి, ఆ ఖాళీలో నల్ల అట్ట గ్రంథాన్ని దించాడు. వేళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. దాంతో మా నాన్న పరిశుద్ధ గ్రంథాన్ని మొప్పల దగ్గర పట్టుకుని, ఎంత బరువుందో చూడండని జనానికి చూపిస్తున్నట్టు తయారైంది. ఎడమ చేతి పక్కన తోక కొస కూడా వేలెడంత మిగిలిపోయింది. దాన్ని చెరపడం మర్చిపోయారు.

ఇదంతా మా మావయ్య నిర్వాకం. మావయ్య అంటే అమ్మకి సొంత అన్నయ్య. పోర్టు దగ్గర ఒక ఆఫీసులో ఫైళ్ళని ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి పంపుతూ రిటైరయ్యాడు. ఇప్పుడు సంఘ సెక్రటరీగా అదే పని మనుషులతో చేస్తుంటాడు. ఫోటో పంపమన్నాడు. పంపాను. పది నిమిషాల్లో ఫోను.

"ఏటే, సేపతో ఫోటో ఎట్టిస్తావా కూడిక్కి? సంఘం అంతా నవ్వదా? తీయించీ దాన్ని."

"నాన్న ఒక్కడే ఉన్న మంచి ఫోటో అదొక్కటే మావయ్యా."

"మొకం మంచిదేనే. నాను సేప సంగతి సెప్తన్నాను."

సరే తీయించండి అన్నాను. ఇందులో నా తప్పూ ఉంది, దాచను. తీయించడమంటే ముఖం వరకు కత్తిరిస్తారనుకున్నాను. మావయ్య స్వయంగా షాపుకి వెళ్ళి, చేతులు ఖాళీగా ఉంటే బాగోదని చెప్పాడట. ఖాళీ చేతులతో మా నాన్న ఏనాడూ లేడు నిజమే. కానీ ఆ చేతుల్లో ఏమేం ఉండేవో మావయ్య ఎప్పుడైనా చూశాడా?

ఫ్లెక్సీ కన్నా ముందు ఇంకో గొడవ జరిగింది. మా సంఘంలో ఎవరైనా పోతే, పదో రోజో పదకొండో రోజో ఆదరణ కూడిక పెడతారు. అందులో పోయినవారి జీవిత చరిత్ర అని ఒక కాగితం చదువుతారు. నేను వన్ టౌన్‌లో ఒక స్కూల్లో తెలుగు టీచర్ని కాబట్టి, రాసే పని నా మీద పడింది. మావయ్య నమూనాగా పాత కాగితాలు నాలుగు తెచ్చిచ్చాడు. నాలుగూ చదివాను. మా సంఘంలో ఇంతవరకూ పోయింది ఒకే ఒక్క మనిషి. అతనే మళ్ళీ మళ్ళీ పుడుతున్నాడు, దైవభయం కలిగి పెరుగుతున్నాడు, ఏ ఆదివారమూ ఆరాధన మానడం లేదు, అందరితో సమాధానంగా ఉంటున్నాడు, చివరికి ప్రభువునందు నిద్రిస్తున్నాడు. వాళ్ళలో ఒకాయన నాకు బాగా తెలుసు. పక్కింటివాళ్ళ కొళాయి పైపు కోసేసిన మనిషి.

మా నాన్నని ఆ వరసలో నిలబెట్టనని పట్టుబట్టి కూర్చుని మూడు పేజీలు రాశాను. మంచి జీవిత చరిత్ర రాయగలనని కాదు. ఎవరో ఒకరు నిజం చెప్పకపోతే ఆ మనిషి బతికినట్టు గుర్తేముంటుందన్న కోపంతో రాశాను.

ఉద్యోగంతో మొదలుపెట్టాను. కోక్ ఓవెన్లంటే బొగ్గుని కాల్చి కోక్ తీసే పొయ్యిలు, ఒకదాని పక్కన ఒకటి గోడలా ఉంటాయి. నాన్న పని వాటి నెత్తిన. అక్కడ రబ్బరు అడుగున్న చెప్పులు కరిగిపోతాయి, అందుకని చెక్క అడుగు వేసినవి ఇస్తారు. చిన్నప్పుడు ఉక్కునగరం క్వార్టర్లో ఆ చెక్క చెప్పులు వేసుకుని నేను టకటకలాడుతూ తిరిగేదాన్ని. అవి ఎందుకు చెక్కవో అడగాలని కూడా నాకు తోచలేదు. నాన్న ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వచ్చేది. అమ్మ ఆయన బట్టలకి వేరే బకెట్టు పెట్టేది. ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు, వారానికొకటి చొప్పున మా ఇంట్లో నిద్రా భోజనాలు అటూ ఇటూ జరుగుతుండేవి. తర్వాతి షిఫ్టు మనిషి రాకపోతే నాన్న డబల్ చేసేవాడు. ఎవరి పెళ్ళికో, ఎవరి జ్వరానికో ఆయనే నిలబడేవాడు. ఆ జ్వరాల్లో సగం అబద్ధమని ఊరంతటికీ తెలుసు. నాన్నకీ తెలుసు.

"ఆడికి ఒంట్లో బాలేదంట" అనేవాడు చెప్పులు మళ్ళీ తొడుక్కుంటూ.

"నీకు బాగుందా?" అనేది అమ్మ.

"నాకేటి, నాను బానే ఉన్నాను."

తర్వాత వాలీబాల్ గురించి రాశాను. వాలీబాల్లో లిఫ్టర్ అని ఒకడుంటాడు. నెట్ దగ్గర నిలబడి, ఎగిరి కొట్టేవాడికి సరిగ్గా అందే ఎత్తులో బంతిని లేపి పెట్టడం అతని పని. కొట్టేవాడు కొడతాడు, ఈలలన్నీ కొట్టేవాడికే. మా నాన్న డిపార్టుమెంటు జట్టుకి ఇరవై ఏళ్ళు లిఫ్టర్. కొట్టేవాడు ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం సంపాదించిన ఒక పొడుగాయన. ఆయనకి మ్యాచి ఉన్న వారమంతా డ్యూటీ నుంచి రిలీఫు. మా నాన్న సి షిఫ్టు దిగి, మసి ముఖంతోనే ఉక్కునగరం సెక్టారు గ్రౌండుకి వచ్చి, ఆయనకి బంతులు లేపేవాడు. ఒక ఏడాది కప్పు గెలిచారు. ప్లాంటు పత్రికలో ఫోటో పడింది. పొడుగాయన కప్పు పైకెత్తి నవ్వుతున్నాడు. ఆ కప్పు వెనక మా నాన్న ముఖం ఉండాలి. మోచెయ్యి మాత్రం పడింది. ఆ మోచేతిని నాన్న నెలల తరబడి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ వేలు పెట్టి చూపించాడు, "ఇది నాదే" అని. నాకు ఒళ్ళు మండిపోయేది. అన్నేళ్ళు బంతి లేపి లేపి ఆయన కుడిచేతి రెండు వేళ్ళు చివర్లో కొంచెం వంకరపోయాయి. ఫ్లెక్సీలో గ్రంథం మొప్పల్లోకి దూరిన వేళ్ళు అవే.

మూడో పేజీలో ఆదివారాలు. "మా నాన్న చర్చికి క్రిస్మస్‌కి వచ్చాడు, ఈస్టర్‌కి వచ్చాడు, నా బాప్తిస్మానికి వచ్చాడు. మిగతా ఆదివారాలు డ్యూటీ ఉంటే ప్లాంటులో, ఆట ఉంటే గ్రౌండులో, రెండూ లేకపోతే అప్పికొండ ఒడ్డున రాళ్ళ మీద గాలం వేసుకుని కూర్చున్నాడు" అని రాశాను. ఆ వాక్యం చూసుకుని మురిసిపోయాను కూడా.

మావయ్య మూడు పేజీలూ చదివాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ మూడో పేజీ చదివాడు.

"ఇది సదివితే మీ నాన్న పరలోకం ఎల్లాడని ఎవడైనా నమ్ముతాడేటే?"

"ప్రభువు మొదట పిలిచింది సేపలోళ్ళనే కదా మావయ్యా."

"ఆళ్ళు పిలవగానే వలలు ఒగ్గీసి వచ్చీసారు. మీ నాన్న ఎప్పుడైనా గాలం ఒగ్గాడా?"

జన్మలో ఒక్కసారి మావయ్య మంచి మాట అన్నాడు, అదీ నా మీదే. ఆయన ఎర్ర పెన్నుతో కొట్టేసి, తన చేత్తో ఒక పేజీ రాసిచ్చాడు. "చిన్ననాటి నుండియు దైవభయము గలవారై, ఏ ఆదివారమునను ఆరాధన మానక" అని మొదలైంది. నేను చదవనన్నాను. అప్పటిదాకా గోడవైపు తిరిగి పడుకుని ఉన్న అమ్మ లేచి కూర్చుంది.

"మీ మావయ్య రాసింది సదివీయే. నువ్వు సదివీసి మీ ఇంటికి ఎల్లిపోతావు. రేపటి నుంచి ఆ చర్చి బల్లల మీద నానొక్కదాన్నే కూకోవాలి."

అమ్మ అలా అన్నాక ఇంకేమంటాను? సరేనన్నాను. కానీ కూడిక రోజు సంచిలో రెండు కాగితాలూ పెట్టుకున్నాను. మావయ్యది పైన, నాది కింద.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నాన్న చేప గురించి నేనంత పోట్లాడానంటే, ఆయన గాలానికి నేనేదో పెద్ద అభిమానినని అనుకోవద్దు. బతికున్నన్నాళ్ళూ దాన్ని వెక్కిరించింది నేనే. ఆదివారం తెల్లవారగానే స్కూటర్ మీద వెళ్ళేవాడు. రిటైరయ్యాక ఇల్లు కట్టుకున్న గోపాలపట్నం నుంచి అప్పికొండంటే దగ్గరేం కాదు. సంచిలో రొయ్యల ఎర, గాలపు తాడు, ఒక మంచినీళ్ళ సీసా. ఎండెక్కేదాకా రాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యంత చేపలు మూడో నాలుగో పట్టుకుని వచ్చేవాడు. కొన్నిసార్లు అవీ ఉండవు. ఉప్పుకి తెల్లబారిన మోకాళ్ళతో, మహారాజులా నడుచుకుంటూ వచ్చేవాడు. అది చూస్తే నాకు మరీ మండేది.

అక్కడ ఆయనకో స్నేహితుడు ఉన్నాడు. పక్క పల్లెలో పడవ ఉన్న మనిషి, తాతల నాటి నుంచి సముద్రం మీద వేటకెళ్ళే ఇల్లు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనుకునేవాళ్ళు. ఆ వరసన ఆయన నాకు మావయ్యే కావాలి, కానీ ఉన్న ఒక్క మావయ్యతోనే వేగలేక నేను ఆయన్ని పడవ బాబాయ్ అనేదాన్ని. ఆయన కూడా నాన్నని వెక్కిరించేవాడు. "రాయి మీద కూకుంటే ఏట అయిపోద్దేటి బావా? సముద్రం నీ ఒళ్ళోకి వచ్చి కూకుంటాదేటి?" అనేవాడట. నాన్నే ఇంటికొచ్చి చెప్పి నవ్వేవాడు.

నా వెక్కిరింతకి మాత్రం నవ్వేవాడు కాదేమో. అప్పట్లో నేను చూడలేదు. పోయిన ఏడాది ఒక ఆదివారం ఆయన తెచ్చిన సంచి తెరిచి, లోపల మూడు చేపలు చూసి అన్నాను.

"ఏటి నాన్నా ఇవి? ముప్ఫై ఏళ్ళ నుంచి ఆ రాళ్ళ మీద కూకుంటన్నావు. తెచ్చినవన్నీ ఓ కుప్ప పోసినా ఒక పిల్లికి సరిపోవు."

"సముద్రం ఇచ్చిందే కదమ్మా తేవాలి" అన్నాడు నాన్న.

"సముద్రం మాట ఒగ్గీయ్, పిల్లి కూడా నిన్ను సూసి నవ్వుతాది."

మూడు నాలుగు వారాలు గడిచాయి. ఒక ఆదివారం నేనూ అమ్మా చర్చిలో కూర్చుని ఉన్నాం. ప్రసంగం మధ్యలో నా ఫోను గుర్రుమంది. ఒళ్ళో పెట్టుకుని చాటుగా చూశాను. నాన్న పంపిన ఫోటో. రెండు చేతులా పండుగప్ప, మోకాలి నుంచి పాదం దాకా ఉంటుంది. ఆ వెనక సముద్రం. నాన్న నవ్వడం లేదు. లిఫ్ట్ చేసే ముందు బంతి వంక చూసినట్టు తిన్నగా కెమెరాలోకి చూస్తున్నాడు. నేను అమ్మ మోచేతిని పొడిచి చూపించాను. ముందు బల్లలోంచి మావయ్య వెనక్కి తిరిగి కళ్ళురిమాడు. "అక్కడే ముక్కలు కొట్టించుకుని రా, అమ్మకి చేతులు నొప్పులు" అని రాసి పంపాను.

మధ్యాహ్నం కవర్లో ముక్కలు తెచ్చాడు. తల ఏదని అడిగితే, "మా బావకి ఇచ్చీసానమ్మా" అన్నాడు. అమ్మ వంటింట్లో చాలాసేపు కడిగింది. పులుసు పెట్టింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. "బాగుంది నాన్నా. మొత్తానికి పట్టావు" అన్నాను. ఆయన తన కంచంలోంచి ఒక ముక్క తీసి నా కంచంలో వేశాడు.

అందుకే ఆ ఫోటో మీద నాకంత పట్టుదల. ఊరంతా ఆయన లేపిన బంతుల్ని కొట్టుకుని కప్పులు పట్టుకెళ్ళింది. ఆ చేప ఒక్కటీ ఆయన స్వయంగా కొట్టిన దెబ్బ అని నా లెక్క.

కూడిక మధ్యాహ్నం మూడింటికి. హాలు నిండింది. ప్లాంటు నుంచి పాత మనుషులు వచ్చి వెనక బల్లల్లో కూర్చున్నారు. పడవ బాబాయ్ తెల్ల చొక్కా వేసుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. అమ్మ మొదటి బల్లలో. పాస్టరు గారు ప్రార్థన చేసి, జీవిత చరిత్ర చదవడానికి నన్ను పిలిచారు. మావయ్య మైకు సరిచేసి, పైనున్న కాగితం మీద వేలు పెట్టి మరీ గుర్తుచేశాడు.

మొదలుపెట్టాను. "చిన్ననాటి నుండియు దైవభయము గలవారై, ఏ ఆదివారమునను ఆరాధన మానక..."

వెనక బల్లల్లోంచి ఎవరో దగ్గారు. అది దగ్గు కాదని నాకు తెలుసు. తలెత్తి పక్కకి చూస్తే ఫ్లెక్సీ. ఆ వంకర వేళ్ళు. ఆ వేలెడు తోక. నాకు ఒంటికాలి మీద లేచినంత కోపం వచ్చింది. మావయ్య కాగితం మడిచి బల్ల మీద పెట్టి, కిందున్నది పైకి తీశాను. అమ్మ వైపు మాత్రం చూడలేదు. చూస్తే చదవలేను.

మూడు పేజీలూ చదివాను. చెక్క చెప్పులు చదివాను, మోచెయ్యి చదివాను. వెనకాల నవ్వులు వినిపించాయి, ఈసారి దాచుకోని నవ్వులు. ఆదివారాలు చదివాను. మావయ్య పాస్టరు గారి చెవిలో ఏదో చెప్పాడు, ఆయన మావయ్యనే చేత్తో ఆగమన్నారు. నేను ఆగి ఉంటే బాగుండేది. కాగితంలో లేనిది కూడా మొదలుపెట్టాను.

"పోయిన ఏడాది ఒక ఆదివారం మనమంతా ఇదే హాల్లో కూర్చుని ఉన్నాం. అదే వేళకి మా నాన్న ఒక్కడే రాళ్ళ మీద కూర్చుని చేతి గాలంతో పెద్ద పండుగప్పని పట్టాడు. ఇదిగో ఈ ఫోటోలో, ఈ చేతుల్లో ఆ చేప ఉండాలి. అది సిగ్గుచేటని చెరిపేశారు. తోక ఇంకా అక్కడే ఉంది, చూడండి. ఆయన కష్టపడి పట్టుకున్నది చెరిపేసి, ఆయన ఎన్నడూ పట్టుకోనిది చేతిలో పెట్టి, దాని ముందు మనం నిజాయితీ గురించి పాటలు పాడుతున్నాం."

హాలంతా తోక వైపు చూసింది. మావయ్య ముఖం చూసి నాకు కడుపు నిండింది. జీవితంలో ఒక్కసారైనా నాన్నకి నేనొక బంతి లేపాననుకున్నాను.

ఇంకెవరైనా రెండు మాటలు చెబుతారా అని పాస్టరు గారు అడిగారు. గుమ్మం దగ్గర నుంచి పడవ బాబాయ్ వచ్చాడు. మైకు ఇవ్వబోతే వద్దన్నాడు. సముద్రం మీద కేకేసుకునే గొంతుకి మైకెందుకు?

"నాకు మీ పద్ధతులు తెల్దు. తప్పైతే ఒగ్గీయండి. పాప సదివిందంతా నిజమే. ఆదివారం ఆదివారం ఆడు నా కళ్ళ ముందే కూకునీవోడు. గానీ ఆ సేప ఆడు పట్టింది కాదు."

తలలన్నీ మళ్ళీ ఫ్లెక్సీ వైపు తిరిగాయి.

"అది నా పడవలో, వలకి పడ్డాది. ఆ రోజు నాను ఒడ్డుకి రాగానే ఆడు రాళ్ళ మీంచి దిగొచ్చీసి, 'బావా, ఓపాలి దీన్ని పట్టుకుంటాను, ఫోటో తియ్యి' అన్నాడు. ఎందుకురా అన్నాను. 'మా పాపకి సూపించాలి. పిల్లి మేత తెస్తన్నానని నవ్వుతంది' అన్నాడు. తీసాను. అట్టుకెళ్ళిపో బావా, ఇంటికి అట్టుకెళ్ళు అన్నాను. 'నీ ఒక్కడిదా ఇది? పడవలో ఐదుగురి వాటా ఉంది' అనీసి నా సేతిలోనే ఎట్టీసి ఎల్లిపోనాడు. ఎవలికీ సెప్పొద్దన్నాడు. ఆడున్నన్నాళ్ళూ నాను సెప్పలేదు."

అప్పుడు నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో నన్ను తప్పు పట్టడం లేదు. స్నేహితుడి గొప్పతనం ఒకటి చెప్పానన్న తృప్తి ఉంది.

"పుస్తకం ఎట్టినారని కోపం పడకమ్మా. ఆ సేపా ఆడిది కాదు, ఈ పుస్తకమూ ఆడిది కాదు. సేతులైతే ఆడివే."

ముందు ప్లాంటువాళ్ళు నవ్వారు. తర్వాత పాస్టరు గారు కూడా, ముఖం కిందికి దించుకుని. ఏడుస్తూ నవ్వినవాళ్ళూ ఉన్నారు. మావయ్య ఒక్కడే నవ్వలేదు. ఆయన నా వంక చూసి, మెల్లగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇరవై నాలుగు గంటలు తిట్టినా నాకు అంత తగిలేది కాదు. అబద్ధాలు చదివేవాళ్ళ దుమ్ము దులపడానికి లేచి, ఆ హాల్లో అందరికన్నా పెద్ద అబద్ధాన్ని గట్టిగా, మైకులో, తెలుగు టీచర్ ఉచ్చారణతో చదివింది నేను.

సాయంత్రం ఇంటికొచ్చాం. ఫ్లెక్సీని చుట్టి బీరువా పక్కన నిలబెట్టారు. అమ్మ వంటింట్లో, కూడిక కోసం తీసిన పెద్ద గిన్నెలు తోముతోంది. నేను కడిగి బోర్లిస్తున్నాను. చదివినందుకు తిడుతుందని చూశాను. తిట్టలేదు. చివరికి నేనే అడిగాను.

"మరి ఆ రోజు మనం తిన్నదేటమ్మా?"

"సెరువు సేప. వచ్చీటప్పుడు మార్కెట్లో కొన్నాడు. నువ్వే కదా ముక్కలు కొట్టించుకుని రమ్మన్నావు."

"నీకు అప్పుడే తెలుసా?"

"కడిగినదాన్ని, నాకు తెలకపోతే ఎవలికి తెలుస్తాది? బురద వాసన కొట్టింది. రెండుసార్లు ఉప్పూ పసుపూ ఏసి కడిగాను, నీకు తెలకూడదని."

"నాకెందుకు సెప్పలేదు?"

అమ్మ చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

"బాగుంది నాన్నా అన్నావు. అప్పుడు మీ నాన్న నీ వైపు ఎలా సూసాడో నువ్వు సూళ్ళేదు. తల దించుకుని తింటన్నావు. నాను సూసాను. ఇంకేటి సెప్తాను?"

ముప్ఫై ఏళ్ళకు పైగా ఆయన సెగలో నిలబడ్డాడు, నేను ఏమీ అనలేదు. వేళ్ళు వంకరపోయేదాకా బంతులు లేపాడు, అప్పుడూ ఏమీ అనలేదు. రాళ్ళ మీంచి తెచ్చిన ప్రతి చిన్న చేపకీ మాత్రం ఏదో ఒకటి అన్నాను. ఎంత వెతుక్కున్నా, ఆయన్ని నేను మెచ్చుకున్నది ఆ ఒక్క మధ్యాహ్నమే కనిపిస్తోంది. అదీ ఆయన పట్టని చేపకి.